నేల కింద చివరి మాట ఎవరిది?
పార్సన్స్, శ్రీధరన్: ఇద్దరు ఇంజినీర్లు, రెండు నగరాలు

న్యూయార్క్ తొలి సబ్‌వేకి చీఫ్ ఇంజినీరుగా పనిచేసిన విలియం బార్క్లే పార్సన్స్ 1932 మే 9న కన్నుమూశారు. ఆ తర్వాత నెల దాటి మూడు రోజులకు, జూన్ 12న, కేరళలోని పాలక్కాడ్ ప్రాంతంలో, తర్వాత ఢిల్లీ మెట్రో కట్టించిన ఈ. శ్రీధరన్ పుట్టారు. ఈ తేదీలకు నేనేమీ అర్థం అంటగట్టబోవడం లేదు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడడానికి నాకున్న కారణం వేరే. జనం సొమ్ముతో, జనం నడిచే రోడ్డు కింద, జనం ఇళ్ల పునాదులను ఆనుకుని సొరంగం తవ్వించే ఇంజినీరు చేతిలో ఎంత అధికారం ఉండాలి? ఆ అధికారానికి ఆయన ఎంతవరకు జవాబు చెప్పాలి? ఈ ప్రశ్నలకు వీళ్లిద్దరి ఉద్యోగ జీవితాలు చెప్పే జవాబులు ఒకదానికొకటి పొసగవు. వాటిలో ఏది మనకు పనికొస్తుందో తేల్చుకోవాల్సిన కాలంలో ఉన్నాం.

శ్రీధరన్ మన కాకినాడ ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ చదివారు. అందువల్లనో ఏమో ఆయన గురించి తెలుగులో నేను చదివినవి చాలావరకు స్తోత్రాలే. స్తోత్రం చదివితే మనిషి మీద గౌరవం పెరుగుతుంది గానీ ఆయన పని ఎక్కడ గట్టిదో, ఎక్కడ బీటలు వారిందో తెలియదు. అది తెలియాలంటే అదే పని ఇంకో చోట, ఇంకో కాలంలో చేసిన మనిషి పక్కన నిలబెట్టి చూడాలి.

ముందు వయసు సంగతి. పార్సన్స్ 1894లో న్యూయార్క్ ర్యాపిడ్ ట్రాన్సిట్ కమిషన్‌కి చీఫ్ ఇంజినీరు అయ్యేసరికి ఆయనకు 35 ఏళ్లు. కొలంబియాలో చదువు, ఎరీ రైల్‌రోడ్‌లో ఉద్యోగం, ఆపైన సొంత కన్సల్టింగ్ ఆఫీసు. ఊరి నడిబొడ్డున సొరంగం తవ్విన అనుభవం లేదు. శ్రీధరన్ 1997 నవంబర్‌లో ఢిల్లీ మెట్రో రైల్ కార్పొరేషన్ మేనేజింగ్ డైరెక్టరు అయ్యేసరికి ఆయనకు 65. రైల్వే నుంచి రిటైరై అప్పటికే ఏడేళ్లు. 1964 డిసెంబర్ తుపానుకు కొట్టుకుపోయిన పంబన్ వంతెనను 46 రోజుల్లో నిలబెట్టిన పేరు ఉంది. కలకత్తా మెట్రో ప్లానింగ్, కొచ్చిన్ షిప్‌యార్డ్ అయిపోయాయి, కొంకణ్ రైల్వే ముగింపుకొచ్చింది. ఒకరు ఈ పనితో జీవితం మొదలుపెట్టారు, ఇంకొకరు దీన్ని జీవితం చివరి పనిగా ఎత్తుకున్నారు. ఈ తేడా ఆ తర్వాత ప్రతి నిర్ణయంలోనూ కనిపిస్తుంది.

పార్సన్స్‌కి సొంత అనుభవం లేకపోవడం ఒక విధంగా మేలే చేసింది. పదవి చేపట్టిన ఏడాదే యూరప్ వెళ్లి అక్కడి నగరాల రైళ్లను చూసొచ్చి, కమిషన్‌కి వివరంగా నివేదిక రాశారు. లండన్‌లో రెండు రకాల రైళ్లు చూశారు. ఒకటి రోడ్డు కిందనే ఆవిరి ఇంజన్‌తో నడిచే పాత లైను, అది పొగ గూడు. రెండోది 1890లో మొదలైన ఎలక్ట్రిక్ లైను, చాలా లోతున గొట్టం సొరంగాల్లో నడిచేది, ఎక్కాలన్నా దిగాలన్నా లిఫ్టులు కావాలి. పార్సన్స్ రెండింటిలోనూ మంచిని ఏరుకున్నారు. కరెంటు రెండో దాన్నుంచి తీసుకున్నారు, తక్కువ లోతు మొదటి దాన్నుంచి. దానికి ఇంకొకటి జోడించారు: నాలుగు పట్టాలు. రెండు ప్రతి స్టేషన్‌లోనూ ఆగే లోకల్ రైళ్లకు, రెండు ముఖ్యమైన చోట్ల మాత్రమే ఆగే ఎక్స్‌ప్రెస్‌లకు. తొలి సబ్‌వే కడుతున్నప్పుడే, ఊరు ఇంకా పైకి పెరగకముందే, నాలుగు లైన్ల వెడల్పున నేల తవ్వించడానికి గుండె ధైర్యం కావాలి. నూట ఇరవై ఏళ్లు గడిచినా ఆ నిర్ణయం ఫలం ఆ నగరం రోజూ అనుభవిస్తోంది. ఒక లైన్ మీద రిపేర్ జరుగుతుంటే పక్క లైన్ మీద రైలు నడుస్తుంది. ఢిల్లీ మెట్రోలో ఆ సదుపాయం లేదు. రెండే పట్టాలు. ఒక రైలు ఆగిపోతే వెనకవన్నీ ఆగిపోవాల్సిందే. దూరదృష్టి విషయంలో నా ఓటు పార్సన్స్‌కే.

ఇక నేల తెరిచిన తీరు. 1900 మార్చి 24న సిటీ హాల్ ముందు తొలి గునపం పడింది. మన్‌హాటన్‌లో చాలా భాగం పనిని తవ్వి కప్పే పద్ధతిలోనే చేశారు. చెప్పడానికి తేలిక: రోడ్డు తెరువు, గొయ్యి తవ్వు, పెట్టె కట్టు, పైన కప్పు వేసి మట్టి పోసి రోడ్డు మళ్లీ వేయి. చేయడంలో నరకం. రోడ్డు కింద ఖాళీ నేల ఎక్కడిది? మురుగు కాలువలు, మంచినీళ్ల పైపులు, గ్యాస్ పైపులు, కరెంటు కేబుళ్లు పేగుల్లా అల్లుకుని ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా పట్టి, వేలాడదీసి, పక్కకు జరపాలి. మురుగు సహజంగా వాలు వైపు పారుతుంది, సొరంగం దానికి అడ్డం వస్తే కాలువ దిశనే మార్చాలి. ఇదంతా జరుగుతుండగా పైన చెక్క బల్లలు పరిచిన రోడ్డు మీద ట్రాములు తిరుగుతూనే ఉండాలి. గోతిలో ప్రతి ఐదడుగులకూ ఒక ఉక్కు చట్రం నిలబెట్టి, మధ్యలో కాంక్రీటు కమానులు పోశారు. పైకప్పు రోడ్డుకు ఎంత దగ్గరంటే, స్టేషన్‌లోకి ఒక అంతస్తు మెట్లు దిగితే చాలు. కాలిబాటలో పొదిగిన గాజు పలకల గుండా పగటి వెలుతురు ప్లాట్‌ఫారం మీద పడేది.

ఒక్క చోటు దగ్గరగా చూద్దాం. 59వ వీధి దగ్గర కొలంబస్ స్తంభం ఉంది, బరువు సుమారు 700 టన్నులు. సొరంగం దాని పునాది అంచు కిందుగా వెళ్లాలి. స్తంభాన్ని విప్పి మళ్లీ కట్టే ఆలోచన చేయలేదు. పునాది కింద కొద్దికొద్దిగా తవ్వుతూ, ఆ బరువును ఉక్కు దూలాల మీదికి, దుంగల మీదికి మార్చి, స్తంభం కదలకుండా కింద దారి చేసుకుని పోయారు. ఈ రోజుకీ అది అక్కడే నిలబడి ఉంది. సొరంగం పనిలో నైపుణ్యం అంటే ఏమిటని నన్నడిగితే ఈ పనే చూపిస్తాను. పైనున్న వాళ్లకు కింద ఏం జరిగిందో తెలియకుండానే అయిపోవడం.

1904 అక్టోబర్ 27న సబ్‌వే తెరిచారు. సుమారు 14.6 కిలోమీటర్లు, 28 స్టేషన్లు, నాలుగేళ్ల ఏడు నెలలు.

సరిగ్గా అదే తవ్వి కప్పే పద్ధతి మన దేశంలో ఏమైందో చూడాలి. కలకత్తా మెట్రోకి 1972 డిసెంబర్ 29న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1970 నుంచి దాని ప్లానింగ్, డిజైన్ పనుల్లో డిప్యూటీ చీఫ్ ఇంజినీరుగా శ్రీధరన్ ఉన్నారు. కలకత్తా నేల మెత్తటి బంకమట్టి, కొద్ది లోతులోనే నీరు. ముందు రెండు వైపులా కాంక్రీటు గోడలు భూమిలోకి దించి, మధ్యలో మట్టి తీసి, పెట్టె కట్టారు. 1984 అక్టోబర్ 24న తొలి రైలు నడిచేనాటికి పూర్తయింది 3.4 కిలోమీటర్లు. పట్టిన కాలం దాదాపు పన్నెండేళ్లు. డమ్‌డమ్ నుంచి టాలీగంజ్ దాకా మొత్తం లైన్ 1995లో గానీ పూర్తి కాలేదు. ఏళ్ల తరబడి ఊరి నడి రోడ్డు గొయ్యిగానే ఉండిపోయింది. మన్‌హాటన్ రాయి గట్టిది, కలకత్తా మట్టి మెత్తనిది, ఆ తేడా నిజమే. కానీ పన్నెండేళ్ల నేరాన్ని మట్టి మీద మోపడం అన్యాయం. డబ్బు ఏడాదికింత అని విదిలింపుగా వచ్చేది. నిర్ణయాలు ఢిల్లీలో రైల్వే బోర్డు దాకా పోయి రావాలి. పైపులు జరపాలంటే ఒక శాఖ, భూమి ఇవ్వాలంటే ఇంకో శాఖ. పని చేసే ఇంజినీరు మాట చివరి మాట కాదు. 1970ల నడిమికే శ్రీధరన్ అక్కణ్నుంచి వెళ్లిపోయారు, ఆ జాప్యం ఆయనది కాదు. కానీ ఆ తర్వాత ఆయన చేసిన ప్రతి పనీ కలకత్తాకు జవాబులాగే నాకు కనిపిస్తుంది.

మొదటి జవాబు కొంకణ్. 1990లో రైల్వే శాఖలో భాగంగా కాకుండా, విడిగా ఏర్పాటైన ఒక కార్పొరేషన్‌కి ఛైర్మన్‌గా కూర్చున్నారు. పడమటి కనుమల అంచున సుమారు 760 కిలోమీటర్ల లైను. 90కి పైగా సొరంగాలు, వాటి మొత్తం పొడవు 80 కిలోమీటర్లు దాటుతుంది. గట్టి రాతి కొండల్లోకి స్వీడన్ నుంచి తెప్పించిన యంత్రాలు దూసుకుపోయాయి. ఏడిపించింది మెత్తటి మట్టే. గోవాలోని పెర్ణెం సొరంగం తవ్వినకొద్దీ కూలింది. చేత్తో తవ్వడం, దిమ్మలు పెట్టడం, మళ్లీ కూలడం. మనుషులు చచ్చిపోయారు. ఏళ్లు పట్టింది. 1998 జనవరి 26న లైన్ మొత్తం మీద రైలు నడిచేదాకా ఆ ఒక్క సొరంగమే గడువును వెనక్కి లాగుతూ వచ్చింది. రాయి కంటే మట్టే ప్రమాదకరం అన్న పాఠాన్ని పుస్తకంలో చదవడం వేరు, పెర్ణెంలో నేర్వడం వేరు.

రెండో జవాబు ఢిల్లీ. మొదటి దశ 65 కిలోమీటర్లు, అందులో భూగర్భం 13 కిలోమీటర్లు మాత్రమే. మిగతాది ఎక్కువ భాగం స్తంభాల మీద. కాబట్టి సొరంగానికి సొరంగం లెక్కన న్యూయార్క్‌తో పోల్చకూడదని ఎవరైనా అంటే ఒప్పుకోవాలి. కానీ ఆ 13 కిలోమీటర్లు ఎక్కడున్నాయో కూడా చూడాలి. వాటిలో కొంత పాత ఢిల్లీలో చావ్డీ బజార్ కింద. అక్కడ వీధి వెడల్పు ఎంతని? రిక్షా, తోపుడు బండి, మనిషి, ముగ్గురూ ఒకేసారి పట్టరు. వీధికి రెండు వైపులా ఏ కాలంలో కట్టారో, ఏ పునాది మీద కట్టారో ఎవరికీ తెలియని ఇళ్లు. అక్కడ రోడ్డు తెరవడమంటే ఇళ్లు కూల్చడమే. పార్సన్స్ పద్ధతి అక్కడ చెల్లదు. అందుకే పాతిక మీటర్ల లోతుకు దిగి, టన్నెల్ బోరింగ్ మెషీన్‌తో తొలిచారు. ముందున్న పళ్ల చక్రం మట్టిని గీకుతుంది. గీకిన మట్టిని వెంటనే బయటికి వదిలేయకుండా ఒక గదిలో పట్టి ఉంచి, ఆ ఒత్తిడితోనే ఎదుటి మట్టి కూలకుండా ఆపుతుంది. వెనకాలే ముందుగా పోతపోసిన కాంక్రీటు సెగ్మెంట్లను గాజులాగా గుండ్రంగా బిగిస్తారు. గాజుకీ మట్టికీ మధ్య ఖాళీని గ్రౌటింగ్‌తో నింపుతారు. ఆ గ్రౌటింగ్ ఆలస్యమైతే పైన గోడ మీద గీత పడొచ్చు. ఇళ్ల గోడలకు కొలత పరికరాలు పెట్టుకుని, కింద చక్రం కదులుతుంటే పైన మిల్లీమీటర్లు లెక్కపెడుతూ పోయారు. 2005 జూలైలో కశ్మీరీ గేట్ నుంచి సెంట్రల్ సెక్రటేరియట్ దాకా రైలు నడిచింది. మొదటి దశ మొత్తం గడువుకంటే రెండేళ్లకు పైగా ముందే, 2005 చివరికి పూర్తయింది.

ఇప్పుడు అసలు విషయం. చివరి మాట ఎవరిది?

పార్సన్స్ డ్రాయింగ్ మీద మాట పార్సన్స్‌దే. కానీ డ్రాయింగ్ దాటిన తర్వాత? 1900 ఫిబ్రవరిలో జాన్ మెక్‌డొనాల్డ్ అనే కాంట్రాక్టరుతో 3.5 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. ఆయన వెనక డబ్బున్న మనిషి ఆగస్ట్ బెల్మాంట్. నగరం బాండ్లు అమ్మి కట్టడానికి సొమ్మిస్తుంది. కాంట్రాక్టరు కట్టి, రైళ్లు కొనుక్కుని, 50 ఏళ్లు లీజుకు నడుపుకుంటాడు. టికెట్ ఐదు సెంట్లు. మెక్‌డొనాల్డ్ పనిని సెక్షన్లుగా విడగొట్టి సబ్‌కాంట్రాక్టర్లకు పంచాడు. కట్టడం నాణ్యతను కమిషన్ ఇంజినీర్లు పరీక్షిస్తారు. కూలీ ఏ బండరాయి కింద నిలబడ్డాడో, డైనమైట్ ఏ షెడ్డులో దాచారో చూసుకోవాల్సింది సబ్‌కాంట్రాక్టరు.

దాని ఫలితం చూడండి. 1902 జనవరి 27 మధ్యాహ్నం, పార్క్ అవెన్యూ 41వ వీధి దగ్గర. నడి బజార్లో, హోటళ్ల మధ్య, చెక్క షెడ్డులో డైనమైట్ నిల్వ. వెలుతురుకు కొవ్వొత్తి. మంట అంటుకుంది. చుట్టుపక్కల హోటల్ గోడలు చిల్లులు పడ్డాయి, కిటికీలు పగిలాయి, మనుషులు చనిపోయారు. ఆ సెక్షన్ సబ్‌కాంట్రాక్టరు ఐరా షేలర్. ఆ ఏడాది జూన్‌లో అదే షేలర్, పార్సన్స్‌తో కలిసి సొరంగంలో నడుస్తూ పని చూపిస్తుండగా పైనుంచి రాయి ఊడి మీద పడింది. నడుము విరిగి, రెండు వారాలు తిరక్కముందే పోయాడు. చీఫ్ ఇంజినీరు కళ్లెదుటే. మరుసటి ఏడాది, 1903 అక్టోబర్ 24న, ఫోర్ట్ జార్జ్ సొరంగంలో పేలుడు తర్వాత పైకప్పు రాయి సరిగ్గా నిలిచిందో లేదో తేలకుండానే మనుషులు లోపలికి వెళ్లారు. రాయి జారింది. పది మంది చనిపోయారు. ఎక్కువ మంది ఇటలీ నుంచి వలస వచ్చిన కూలీలు.

వీటిలో దేనికీ పార్సన్స్ నేరుగా బాధ్యుడు కాదు. ఒప్పందం ఆయన్ని కాపాడింది. నాకు నచ్చనిది అదే. ఉక్కు చట్రాలు ఐదడుగులకొకటి ఉన్నాయో లేదో చూసే అధికారం ఉన్న ఆఫీసుకు, పైకప్పు రాయి కింద మనిషిని పంపొద్దని చెప్పే అధికారం ఎందుకు లేకపోయింది? కావాలని అడిగితే వచ్చేది. ఆయన అడిగిన దాఖలా నాకు కనిపించలేదు.

శ్రీధరన్ ఆ అధికారాన్ని అడిగి తీసుకున్నారు. ఢిల్లీ మెట్రో కార్పొరేషన్‌లో కేంద్రానికి సగం, ఢిల్లీ ప్రభుత్వానికి సగం వాటా. రెండు సగాలు కావడంతో ఏ ఒక్కరూ పెత్తనం చేయలేని పరిస్థితి, ఇంజినీరుకు ఊపిరి తీసుకునే చోటు. మొదటి దశ ఖర్చులో సుమారు 60 శాతం జపాన్ అప్పు. డబ్బు కలకత్తాలో లాగా బొట్లు బొట్లుగా కాకుండా వేళకు వచ్చింది. టెండరు ఖరారు చేయడం, మనుషుల్ని తీసుకోవడం ఆయన చేతిలో పెట్టుకున్నారు. కాంట్రాక్టరు బిల్లు పెడితే అందులో పెద్ద భాగం వెంటనే చెల్లించే ఏర్పాటు చేశారు. మన దగ్గర బిల్లు కోసం ఆఫీసు చుట్టూ తిరిగిన ఏ కాంట్రాక్టరుకైనా దీని విలువ తెలుస్తుంది. సైట్ ఆఫీసుల్లో ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో వెనక్కి లెక్కపెట్టే బోర్డులు పెట్టించారు. అయినా అన్నీ ఆయన మాట ప్రకారం జరగలేదు. పట్టాల వెడల్పు స్టాండర్డ్ గేజ్ ఉండాలని ఆయన వాదించారు, రైల్వే శాఖ బ్రాడ్‌గేజ్ పట్టుబట్టింది, మొదటి దశ బ్రాడ్‌గేజ్‌లోనే కట్టాల్సి వచ్చింది. తర్వాతి దశల్లో కొత్త లైన్లు స్టాండర్డ్ గేజ్‌లోకి మారాయి. దాంతో ఇప్పటికీ ఒక లైన్ రైలు ఇంకో లైన్ మీదకు పోలేని పరిస్థితి ఉంది.

అధికారం తీసుకున్నవాడు జవాబు చెప్పాలి. 2009 జూలై 12న దక్షిణ ఢిల్లీలోని జమ్‌రుద్‌పూర్‌లో కడుతున్న వంతెన భాగం కూలి ఆరుగురు చనిపోయారు. ఆ రోజే శ్రీధరన్ నైతిక బాధ్యత తనదేనని రాజీనామా ఇచ్చారు. ముఖ్యమంత్రి షీలా దీక్షిత్ ఒప్పుకోలేదు, ఆయన పనిలో కొనసాగారు. మర్నాడే అదే చోట శిథిలాలు ఎత్తుతున్న క్రేన్లు కూలి ఇంకొందరు గాయపడ్డారు. అంతకు ముందు ఏడాది లక్ష్మీనగర్‌లోనూ ఇలాంటి ప్రమాదమే జరిగింది. రాజీనామా ఇచ్చిన తీరుకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. మన దేశంలో అంత పెద్ద కుర్చీలో ఉండి, అలా ఆ రోజుకారోజు ముందుకొచ్చినవాళ్లు ఎంతమంది? కానీ విమర్శకుడిగా ఇంకో మాట కూడా చెప్పాలి. మిగిలిన రోజులు లెక్కపెట్టే బోర్డు సైట్ గోడ మీద ఉంటే, దాని కింద పనిచేసే మేస్త్రీకి, వెల్డరుకు, షటరింగ్ కూలీకి ఆ బోర్డు ఏం చెబుతుంది? త్వరగా కానిమ్మని. గడువు మీద పెట్టిన పట్టుదల ప్రాణం మీద కూడా అంతే గట్టిగా పెట్టి ఉంటే రాజీనామా పత్రం రాయాల్సిన అవసరమే వచ్చేది కాదేమో. పార్సన్స్ అధికారం లేక తప్పించుకున్నారు. శ్రీధరన్ అధికారం ఉండి తలవంచారు. రెండోది మనిషిగా గొప్ప. పద్ధతిగా మాత్రం అదీ చాలదు.

డబ్బు విషయంలో ఇద్దరి దారులు ఇంకా దూరం పోతాయి. న్యూయార్క్‌లో లీజు పట్టిన కంపెనీ మొదట్లో బాగానే గడించింది. తర్వాత ధరలు పెరిగాయి, ఐదు సెంట్ల టికెట్ పెరగలేదు. టికెట్ పెంచే ధైర్యం ఏ మేయరుకూ లేదు. 1932 ఆగస్టులో కంపెనీ దివాలా వ్యవహారాల్లోకి వెళ్లింది. 1940లో నగరమే కొనుక్కుంది. టికెట్ పది సెంట్లు అయింది 1948లో. పార్సన్స్ సబ్‌వే తెరిచిన ఏడాదే ఉద్యోగం వదిలి, తర్వాత బెల్మాంట్ పెట్టుబడితోనే కేప్ కాడ్ కాలువ తవ్వించారు. అది 1914లో పూర్తయింది. అందులో చట్టానికి విరుద్ధమైనదేమీ లేదు. కానీ నగరం తరఫున ఎవరి పనిని తనిఖీ చేశారో, ఆ మనిషి దగ్గరే తర్వాత పనిచేయడం నాకు మింగుడు పడదు.

శ్రీధరన్ ఈ విషయంలో కఠినం. 2008లో హైదరాబాద్ మెట్రో టెండరు మీద ఆయన ప్రణాళికా సంఘానికి రాసిన ఉత్తరం మన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మెట్రో కట్టే ప్రైవేటు సంస్థకు వ్యాపారం చేసుకోవడానికి 296 ఎకరాల విలువైన భూమి అప్పగించడాన్ని ఆయన తప్పుపట్టారు. ఇది ముందు ముందు కుంభకోణంగా మారవచ్చని హెచ్చరించారు. అప్పటి మన రాష్ట్ర ప్రభుత్వం క్షమాపణ చెప్పమంది. కొద్ది నెలలకే, 2009 జనవరిలో, సత్యం కంప్యూటర్స్ కుంభకోణం బయటపడింది. దాంతో సంబంధమున్న మేటాస్ చేతి నుంచి ఆ మెట్రో కాంట్రాక్టు పోయింది. కొత్త టెండరు, కొత్త సంస్థ, 2017 నవంబర్ 28న తొలి రైలు. ఆయన ఉత్తరాన్ని అవమానంగా తీసుకోకుండా ఇంజినీరు సలహాగా తీసుకుని ఉంటే హైదరాబాద్‌కు ఏళ్లు కలిసొచ్చేవి. ఆయన ఆ మాట అనగలిగింది వెనక ఏ బెల్మాంట్ లేనందువల్లే. 2019లో మహిళలకు ఉచిత ప్రయాణం ఇవ్వాలన్న ఢిల్లీ ప్రభుత్వ ఆలోచనను ఆయన వ్యతిరేకించారు. దాంతో నేను ఏకీభవించను. మహిళల ప్రయాణం పెరగడం సమాజానికి మేలు, దాని ఖర్చు ప్రభుత్వం మెట్రోకి కట్టొచ్చు. కానీ ఐదు సెంట్ల కథ తెలిసినవాళ్లకు ఆయన భయం ఎక్కణ్నుంచి వచ్చిందో అర్థమవుతుంది.

వీళ్లు వెళ్లిపోయాక ఏం మిగిలింది? పార్సన్స్ ఆఫీసు పెద్ద కన్సల్టింగ్ కంపెనీ అయింది, ప్రపంచమంతా సొరంగాలు డిజైన్ చేసింది. విద్య కంపెనీకి దక్కింది. ఆయన పనిచేసిన ప్రభుత్వ కమిషన్ 1907లోనే మూతపడింది. ఇప్పుడు ప్రపంచంలో కిలోమీటరుకు అందరికంటే ఎక్కువ ఖర్చుతో సబ్‌వే కట్టే ఊళ్లలో న్యూయార్క్ ముందుంది. సెకండ్ అవెన్యూ లైను 1920ల నుంచి కాగితాల మీద ఉండి, 2017 జనవరి 1న మూడు స్టేషన్లు కొత్తగా తెరుచుకున్నాయి. నాలుగున్నరేళ్లలో 28 స్టేషన్లు తెరిచిన ఊరది. ఢిల్లీలో విద్య ప్రభుత్వ సంస్థలోనే నిలిచింది. 2011 చివర్లో శ్రీధరన్ దిగిపోయాక కూడా ఆ సంస్థ లైన్లు వేస్తూనే ఉంది, జైపూర్‌లో కట్టింది, కొచ్చిలో కట్టింది. ఆయన మీద ఒక ఆరోపణ ఉంది, అంతా ఒక్క మనిషి చుట్టూ తిరిగిందని. ఆ తర్వాతి పదేళ్లకు పైబడిన కాలం ఆ ఆరోపణను చాలావరకు కొట్టేసింది. 2021లో 88 ఏళ్ల వయసులో పాలక్కాడ్ నుంచి ఎన్నికల్లో నిలబడి ఓడిపోవడం ఆయన జీవితంలో ఇంకో అధ్యాయం. దానికి ఇంజినీరింగ్‌తో సంబంధం లేదు. మొదటి ప్రపంచయుద్ధంలో పార్సన్స్ సైన్యంలోకి వెళ్లి, ఇంజినీర్ల రెజిమెంట్‌తో ఫ్రాన్స్‌లో పనిచేయడం కూడా అలాంటిదే.

నా తీర్పు ఇది. భూమిని చదవడంలో, నూరేళ్ల ముందుకు చూడడంలో పార్సన్స్ పెద్ద ఇంజినీరు. ప్రజల పనిని ప్రజల చేతిలోనే ఉంచడంలో శ్రీధరన్ పెద్ద ఇంజినీరు. మన నగరాలకు ఇప్పుడు ఎక్కువ అవసరం రెండోది. విజయవాడలో, విశాఖలో, హైదరాబాద్ తర్వాతి దశల్లో మెట్రో మాట ఎత్తినప్పుడల్లా మనం రూటు మ్యాపు గురించి, స్టేషన్ మా వీధిలో వస్తుందా అన్న దాని గురించి మాట్లాడుకుంటాం. టెండరు పిలవకముందే తేల్చాల్సింది ఇంకోటుంది. సైట్‌లో చివరి మాట ఎవరిది, ప్రమాదం జరిగితే మొదటి జవాబు ఎవరిది. రెండింటికీ ఒకటే పేరు ఉండాలి, ఆ పేరు ఒప్పంద పత్రంలో రాసి ఉండాలి.

ఇంకొక్క విన్నపం. న్యూయార్క్‌లో పాత సిటీ హాల్ స్టేషన్ గోడ మీద పార్సన్స్ పేరు, మెక్‌డొనాల్డ్ పేరు, బెల్మాంట్ పేరు లోహపు పలకల మీద చెక్కి ఉన్నాయి. ఫోర్ట్ జార్జ్ సొరంగంలో పోయిన పది మంది పేర్లు అక్కడ లేవు. పాలమూరు నుంచి దేశమంతా పోయి ఆనకట్టలు, కాలువలు కట్టిన మనుషుల బంధువులం మనం. మన ఊళ్లలో రేపు తెరిచే ప్రతి మెట్రో లైనులో, ఆ పనిలో ప్రాణం పోయిన ప్రతి కూలీ పేరూ, ఊరి పేరుతో సహా, ప్రారంభోత్సవ శిలాఫలకం పక్కనే అంతే పెద్ద అక్షరాలతో ఉండాలి. ఇది ఇప్పుడే అడగండి. మీ ఎమ్మెల్యేను అడగండి, మెట్రో కార్పొరేషన్‌కి ఉత్తరం రాయండి. టెండరు షరతుల్లో ఒక్క వాక్యం చేరిస్తే అయిపోయే పని.